మసి పట్టిన గుల్లలు

ఆ శనివారం ఆరువందల మీటర్ల దగ్గర ద్వారకానాథ్ కాల్చిన గుండ్లు వరసగా కిందికి దిగాయి. మొదటిది నల్ల వృత్తం అడుగు అంచును తాకింది. రెండోది ఇంకాస్త కింద. ఐదోది లక్ష్యాన్ని చేరనే లేదు. దాని ముందున్న మట్టిగట్టు మీద దుమ్ము లేచింది. పక్కన చాప మీద కూర్చుని ఆయన స్కోరు రాస్తున్న ఉదయలక్ష్మి పెన్సిలు ఆపి, టెలిస్కోపులోంచి మళ్ళీ చూసింది.

"గాలేమన్న మారిందా అంకుల్?" అంది. మారలేదని ఆమెకు తెలుసు. గాలి గుండును పక్కకు తోస్తుంది గానీ కిందికి లాగదు.

"వెలుతురమ్మా. ఎండ చూడు ఎంత తెల్లగా కాస్తోందో," అన్నాడు ద్వారకానాథ్. బోల్టు వెనక్కి లాగి, ఖాళీ గుల్లను చాప మీద పడేసి, ఆరోది ఎక్కించాడు. అదీ దుమ్ములోకే పోయింది.

పోటీ ముగిశాక గుల్లలు ఏరి ఆయన డబ్బాలో వేస్తుంటే ఉదయలక్ష్మి వేళ్ళు నల్లబడ్డాయి. మందు సరిగ్గా మండితే ఇత్తడి గుల్ల ఉబ్బి తుపాకి లోపలి గోడకు అతుక్కుపోతుంది. పొగను వెనక్కి రానివ్వదు. మూతి దగ్గర కాస్త మసి, అంతే. ఈ గుల్లలు సగం దాకా నల్లగా ఉన్నాయి. లోపల మందు చాలక, వత్తిడి లేక, గుల్ల పక్కల నుంచి పొగ వెనక్కి పాకితేనే అలా అవుతుంది. ఈ సంగతి ఆమెకు చెప్పింది ఆయనే.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. మిర్యాలగూడ నుంచి ఈ దేశంలోని యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చి, చదువయ్యాక దాని పక్కనున్న మాసన్ లేక్స్‌లోనే ఉండిపోయి, నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేస్తున్న రోజులు. తోటి ఉద్యోగిని ఒకామె పోర్ట్ వేక్‌ఫీల్డ్ రోడ్డు మీద ఉన్న రైఫిల్ క్లబ్బుకు ఊరికే చూద్దాం రమ్మని తీసుకెళ్ళింది. అక్కడ చాప మీద బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి ఆపినప్పుడు, వారమంతా చెవుల్లో మోగిన రొద ఒక్కసారిగా ఆగిపోయినట్టనిపించింది ఆమెకు. లేచేసరికి తెల్లటోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన, "తెలుగమ్మాయివా?" అని అడిగాడు. అదే యూనివర్సిటీలో ముప్పయ్యేళ్ళు లోహశాస్త్రం చెప్పి రిటైరైన ద్వారకానాథ్. క్లబ్బులో అందరూ డాక్ అనేవాళ్ళు. తెలుగువాళ్ళు క్రికెట్ టీములు పెట్టుకున్న ఊళ్ళో, తుపాకి పట్టినవాళ్ళు వాళ్ళిద్దరే.

ఆయన తూటాలు కొనేవాడు కాదు. ఇంటి వెనక షెడ్డులో తనే నింపుకునేవాడు. "మా ఆయన సాయంత్రమైతే మందు గదిలోకి దూరతారు," అని శేషుకుమారి అనేది. కొత్తగా వచ్చిన వాళ్ళు ఇంకేదో మందు అనుకుని మొహాలు చూసుకుంటుంటే ఆవిడ నవ్వేది.

నింపడం నేర్పిన మొదటి రోజు ఆయన మూడు సాసర్లలో మూడు రకాల మందు చెంచాడు చొప్పున పోసి ముందు పెట్టాడు. ఇందులో ఏది మంచిదని ఉదయలక్ష్మి అడిగింది.

"ఏ తుపాకికి, ఎంత బరువు గుండుకి, ఎలాంటి ఎండలో? అవి చెప్పకుండా మంచిదేదంటే ఎలాగమ్మా?" అన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ వేలితో చూపించాడు. "ఇది మంచి వేగం ఇస్తుంది. కానీ గొట్టంలో మసి గట్టిపడి రాయిలా కూర్చుంటుంది. ఇది చలికాలం బంగారం. ఫిబ్రవరిలో నలభై రెండు డిగ్రీల ఎండలో తూటా కాసేపు పడుంటే దీని వత్తిడి ఎంత పెరుగుతుందో చెప్పలేం. ఇదేమో కాస్త నెమ్మది. మసి తక్కువ. ఎండైనా చలైనా ఒకేలా మండుతుంది. నేను పన్నెండేళ్ళుగా ఇదే వాడుతున్నాను. వేగం నాకెందుకు? ఒకేలా ఉండాలి, అంతే."

గొట్టం కడగడం కూడా అలాగే నేర్పాడు. ద్రావకంలో తడిపిన గుడ్డ పేలికలు కడ్డీతో తోస్తుంటే మొదట నల్లగా వచ్చేవి. అది మందు మసి. తర్వాత నీలంగా వచ్చేవి. అది గుండ్లు ఒరుసుకుని వదిలిన రాగి. ఆ నీలం పోయిందనుకుంటే దాని కింద మళ్ళీ నలుపు. "పై పొర వదిలితే శుభ్రమైందనుకుంటాం," అనేవాడు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటే: బల్ల మీద ఎప్పుడూ ఒక్క సీసానే ఉండాలి. పని అయ్యాక మిగిలిన మందు తిరిగి అదే సీసాలో పోసి మూత పెట్టాకే రెండోది తియ్యాలి. ఏ సీసాలోదో అనుమానం వస్తే పారెయ్యాలి.

ఈ శనివారం ఇంటికి బయల్దేరేముందు ద్వారకానాథ్ తన కారు డిక్కీలోంచి ఒక పెట్టె తీసి ఉదయలక్ష్మి చేతిలో పెట్టాడు. "వచ్చే వారం ప్రైజ్ షూట్ పోటీ కదా. నీకు యాభై నింపాను."

పెట్టె మీద మందు పేరు, గుండు బరువు రాసే చీటీ అతికించి ఉంది. చీటీ మీద ఏమీ రాసి లేదు.

ఆదివారం పొద్దున ఉదయలక్ష్మి తన ఫ్లాట్‌లోని లాండ్రీ గదిలో నేల మీద కూర్చుని ఆ తూటాలు విప్పడం మొదలుపెట్టింది. తూటాను సుత్తిలాంటి ప్లాస్టిక్ పనిముట్టులో బిగించి నేలకు కొడితే గుండు ఊడి, లోపలి మందు రాలుతుంది. ఆయన కొలత ఎప్పుడూ తప్పదు గనుక, రెండు మూడు చూసి ఆపేయవచ్చనుకుంది. మొదటి దాంట్లో మందు బాగా తక్కువ. రెండోది ఇంకా తక్కువ. మూడు, నాలుగు సరిగ్గానే ఉన్నాయి. ఏడోది విప్పినప్పుడు సాసరులో పడ్డ మందు రంగు తేడాగా కనిపించింది.

రైఫిల్ మందు సన్నసేమ్యాను తుంపినట్టు పొడుగు పలుకులుగా ఉంటుంది. వాటి మధ్య, ఆవగింజల్ని నొక్కినట్టు, గుండ్రటి రేకులు. అవి పిస్టల్ మందు. క్లబ్బులో అప్పుడప్పుడు పిస్టల్ కూడా కాల్చేవాడు గనుక ఆయన షెడ్డులో ఆ సీసా కూడా ఉంటుంది. అది చాలా త్వరగా మండుతుంది. చిన్న గుల్లకు చిటికెడు చాలు. ఆ రకం మందు రైఫిల్ గుల్లలో పోస్తే తుపాకి తుపాకిలా ఉండదు.

యాభైలో పదకొండింటిలో రేకులున్నాయి. రెండింట్లో దాదాపు అన్నీ రేకులే.

పెద్ద సీసాలోనే రెండూ కలిసిపోయి ఉండాలి. పిస్టల్ మందు మిగిలింది ఆయన తిరిగి పోస్తున్నప్పుడు చెయ్యి మరో సీసా మీదకు వెళ్ళి ఉంటుంది. ఉదయలక్ష్మి ఆ రెండు తూటాల మందూ విడిగా ఒక గాజు సీసాలో పోసి మూత పెట్టింది. వచ్చే శనివారం వాటిలో ఏదో ఒకటి తన చెంప పక్కన పేలి ఉండేదన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. మిగతా సామాను అలాగే నేల మీద వదిలేసి లేచింది.

సోమవారం ఆఫీసు నుంచి నేరుగా వాళ్ళింటికి వెళ్ళింది. ద్వారకానాథ్ షెడ్డులో ఉన్నాడు. ఆమె ఏమీ చెప్పకుండా గాజు సీసాలోని మందు కాగితం మీద పోసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, రెండు పలుకులు వేలిమీదకు తీసుకుని, వెంటనే గుర్తుపట్టాడు.

"ఇదేంటిది? పిస్టల్ మందూ రైఫిల్ మందూ ఎవరు కలిపారు? ఏ బుద్ధిలేని వాడమ్మా?"

"నాకిచ్చిన పెట్టెలయి అంకుల్. మీరు నింపినయే."

"నేనా?"

"అవును అంకుల్. పదకొండిట్ల ఉన్నయి."

"నువ్వే ఏదో కలిపేసుంటావ్. నీ దగ్గర కూడా పిస్టల్ మందు ఉందిగా."

"నా దగ్గర పిస్టలే లేదు."

ఆయన మొహం ఎర్రబడింది. "నలభై ఏళ్ళు లేబరేటరీలో బతికాను నేను. నాకు చెబుతున్నావా?" అంటూ బల్ల మీది నోటుబుక్కు లాగి, ఇదుగో చూడు అన్నట్టు తెరిచాడు. ప్రతి పెట్టెకూ తేదీ, మందు, బరువు ఆయన అందులో రాస్తాడు. ఆ పేజీలో జనవరి పందొమ్మిది అన్న తేదీ ఐదుసార్లు ఉంది, ఐదు వరసల్లో, ఒకే చేతిరాతతో. బరువు రాయాల్సిన గడులన్నీ ఖాళీ.

ఆయన ఆ పేజీని చాలాసేపు చూశాడు. వెనక పేజీ తిప్పాడు. మళ్ళీ ముందుకు వచ్చాడు. తర్వాత పుస్తకం మూసి, అంచులు బల్లకు సమానంగా జరిపి, మెల్లగా అన్నాడు:

"టీ తాగి వెళ్ళమ్మా. ఆంటీ ఇంట్లోనే ఉంది."

వంటింట్లో శేషుకుమారి కాకరకాయలు తరుగుతోంది. ఉదయలక్ష్మి చెప్పింది విని కత్తి పక్కన పెట్టింది గానీ ఆశ్చర్యపోలేదు.

"దీపావళి ముందునుంచీ ఉందమ్మా," అంది. "పాలు తెస్తానని కారులో వెళ్ళి నడిచొచ్చారు. కారేదండీ అంటే మనకి కారెక్కడిదన్నారు. పొద్దుటికి మళ్ళీ మామూలే. స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి దొరికింది. కారు తాళాలు నిన్నే బియ్యం డబ్బాలో దాచాను. స్టవ్ దగ్గరికి రానివ్వను. ఆ షెడ్డులో ఏం చేస్తారో నాకేం తెలుసు? కూర్చుంటే ప్రశాంతంగా ఉంటున్నారు కదా అనుకున్నాను."

"ఆంటీ, నేను క్లబ్బుల రేంజ్ ఆఫీసర్‌ని. భద్రత చూసేది నేనే. నాకు తెలిసినంక చెప్పకుండ ఉండొద్దు. క్లబ్బు పోలీసులకు చెప్పాలె. రూల్ అది."

"ఆదివారం హరిప్రియ వస్తోంది మెల్‌బోర్న్ నుంచి. కూతురు చెబితే వింటారు. తనంతట తనే అప్పగిస్తారు. ఇప్పుడు నువ్వు చెబితే పోలీసులు కారేసుకొస్తారు, వీధిలో అందరూ చూస్తుండగా తుపాకులు పట్టుకుపోతారు. తట్టుకోలేరమ్మా ఆయన." ఆవిడ ఉదయలక్ష్మి చేయి పట్టుకుంది. ఆవిడ వేళ్ళు తడిగా, చేదువాసనతో ఉన్నాయి. "ఆరు రోజులు. నీ సొంత బాబాయి అనుకో."

ఉదయలక్ష్మి ఒప్పుకుంది. తర్వాత చాలాసార్లు ఆ క్షణాన్ని తిరగేసి చూసుకుంది. జాలి ఒక్కటే కాదు. ఆయన గురువు. ఆయన మీద చెప్పే మనిషి తను కాకూడదనుకుంది. కూతురు వచ్చి చెబితే తన చేతికి అంటకుండా పోతుందనుకుంది.

ఆయన టీవీ ముందు కునికిపాట్లు పడుతుంటే షెడ్డులో ఉన్న తూటాలన్నీ, కలిసిపోయిన ఆ మందు సీసా తీసుకుని తన కారులో పెట్టింది. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి శేషుకుమారికిచ్చింది. తుపాకుల పెట్టె తాళం చట్టప్రకారం ఆయన దగ్గరే ఉంటుంది. "ఆ తాళం ఇమ్మని ఆయన్ని నేను అడగలేను," అంది శేషుకుమారి. తూటాలు లేకపోతే తుపాకి ఉన్నా ఫరవాలేదని ఇద్దరూ అనుకున్నారు.

"ఇంకెక్కడన్న ఉన్నయా ఆంటీ, తూటాలు?"

"ఇంకెక్కడుంటాయి? అన్నీ అక్కడే."

శుక్రవారం మధ్యాహ్నం శేషుకుమారి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఈ వారం రారు, నిశ్చింతగా ఉండు అని.

శనివారం పోటీలో తన వంతు వచ్చేలోపు ఉదయలక్ష్మికి కందకంలో డ్యూటీ పడింది. లక్ష్యాల కింద కాంక్రీటు కందకంలో నిలబడి, గుండు తగిలిన ప్రతిసారీ చట్రాన్ని కిందికి దించి, చిల్లు మీద గుర్తు పెట్టి, మళ్ళీ పైకెత్తాలి. కాల్చేది ఎవరో అక్కడినుంచి కనిపించదు. తల మీదుగా గుండు పోయినప్పుడు గాలి చిట్లినట్టు వినిపిస్తుంది, అంతే.

పదకొండు దాటాక ఒక శబ్దం తేడాగా వచ్చింది. కొరడా దెబ్బలా కాదు, మొద్దుగా. తల మీద గాలి చిట్లలేదు. చట్రం మీద చిల్లు లేదు. పక్కనున్నవాళ్ళు మొహాలు చూసుకునేలోపే రేడియోలో గొంతు వినిపించింది. సీజ్ ఫైర్. సీజ్ ఫైర్. అంబులెన్స్ పిలవండి.

కాల్పులు ఆగాయని ఎర్రజెండా ఎగిరేదాకా ఆగి ఆమె కందకంలోంచి పైకెక్కింది. ఆరువందల మీటర్ల ఎండుగడ్డి మీద పరిగెత్తుతూ, తెల్లటోపీ చాప పక్కన పడి ఉండటం సగం దూరంలోనే చూసింది.

క్లబ్బు కెప్టెన్ గ్రాహమ్ ద్వారకానాథ్‌ను తన ఛాతీకి ఆనించి కూర్చోబెట్టుకుని, మొహం కుడివైపు తువ్వాలు అదిమి పట్టుకున్నాడు. తువ్వాలు ఎర్రగా తడిసింది. కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి ఉన్నాయి. చెమటకు మసకబారితే అలా తోసేసి ఉంటాడు. చాప మీద తుపాకి. దాని చెక్క నిలువునా చీలింది, బోల్టు బిగుసుకుపోయింది.

"ఫోన్ చేసి కారు లేదు, తీసుకెళ్ళమన్నాడు," అన్నాడు గ్రాహమ్, ఎవరూ అడగకుండానే, ఇంగ్లీషులో. "గరాజ్ ముందే కిట్ బ్యాగుతో నిలబడి ఉన్నాడు. నేను తీసుకొచ్చాను. మామూలుగానే ఉన్నాడు."

కిట్ బ్యాగు అడుగున తూటాల పెట్టె ఒకటి ఉండిపోయింది. దాని చీటీ మీద కూడా ఏమీ రాసి లేదు.

ఉదయలక్ష్మి గొంతు విని ద్వారకానాథ్ తల తిప్పబోయాడు. "ఉదయా, గుల్ల లోపలే ఉంది. లాగొద్దని చెప్పు. అలాగే ఉంచండి. చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది," అన్నాడు. గొంతులో నొప్పి ఉంది గానీ మాట తడబడలేదు.

కుడికన్ను పోయింది. ఇత్తడి ముక్క ఒకటి లోపలిదాకా వెళ్ళిందని డాక్టర్లు చెప్పారు. ఆదివారం వచ్చిన హరిప్రియ విమానం దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళింది.

రెండు వారాల తర్వాత క్లబ్బు గదిలో విచారణకు కూర్చున్నప్పుడు గ్రాహమ్ ముందున్న కాగితం చదివాడు. పోలీసులు ఆసుపత్రిలో ద్వారకానాథ్ దగ్గర తీసుకున్న వాంగ్మూలం. మందు తను కలిపాడని, తప్పు పూర్తిగా తనదేనని, ఈ సంగతి ముందుగా ఎవరికీ తెలియదని, తన భార్యకు గానీ క్లబ్బులో ఎవరికి గానీ తెలిసే అవకాశమే లేదని అందులో ఉంది.

"డాక్ స్పష్టంగా చెప్పాడు," అన్నాడు గ్రాహమ్. "నీకూ ముందు తెలియదని సంతకం ఒక్కటి పెడితే ఇది ఇక్కడితో అయిపోతుంది."

ఉదయలక్ష్మి కాగితం వైపు చూసింది. ఆ సోమవారం ఆయనకు గుర్తు లేక అలా చెప్పాడా, గుర్తుండే చెప్పాడా? నోటుబుక్కు అంచులు సమానంగా జరిపిన ఆ చేతులు ఆమె కళ్ళ ముందు కదిలాయి. ఏదైనా సరే, ఆ అబద్ధం మీద సంతకం పెడితే ఇక ఆ పొరకింద ఏముందో తనకు తప్ప ఎవరికీ తెలియదు. తనకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది.

"నాకు తెలుసు," అంది ఇంగ్లీషులో. "ఆరు రోజుల ముందే తెలుసు." ఆదివారం నుంచి జరిగిందంతా చెప్పింది. శేషుకుమారి పేరు చెప్పకుండా చెప్పడం కుదరలేదు.

ఆమె లైసెన్సు ఏడాదిపాటు ఆపేశారు. రేంజ్ ఆఫీసర్ పదవి పోయింది. శేషుకుమారిని పోలీసులు స్టేషనుకు పిలిచి రెండు గంటలు ప్రశ్నించి, కేసు లేకుండా వదిలేశారు. ఆ రాత్రి హరిప్రియ ఫోన్ చేసి, ఏడవకుండా, ఇంగ్లీషులో ఒక్క ముక్క అంది: "నీకూ తెలుసు, అమ్మకూ తెలుసు. నాకు ఒక్క ఫోన్ చెయ్యాలని ఇద్దరిలో ఒక్కరికీ అనిపించలేదు."

ఆ తర్వాత ఆ ఇంటినుంచి రెండు నెలలు ఫోన్ రాలేదు. ఉదయలక్ష్మి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్‌లో హరిప్రియే మళ్ళీ చేసింది. తుపాకులు, మందు సీసాలు పోలీసులు పట్టుకెళ్ళారు. మిగతా సామాను అలాగే ఉంది. నాన్న పొద్దున్నే వెళ్ళి ఆ షెడ్డులో కూర్చుంటున్నాడు. ఏది పారెయ్యాలో, ఏది తాకకూడదో తమకు తెలియదు. వచ్చి శుభ్రం చేస్తావా అని అడిగింది.

ఉదయలక్ష్మి చేతి తొడుగులు, మూత ఉన్న రెండు బకెట్లు తీసుకుని వెళ్ళింది. ద్వారకానాథ్ నల్లద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సన్నబడ్డాడు. ఆమెను చూసి, "రామ్మా," అన్నాడు, ఎవరనుకున్నాడో తెలియదు.

ఆమె బల్ల కింద నుంచి మొదలుపెట్టింది. నెలల తరబడి వాడి పడేసిన గుడ్డ పేలికలు మసితో అట్టలు కట్టి ఉన్నాయి. ఒకప్పుడు ఆయన వాటిని ఏ రోజువి ఆ రోజే మూత డబ్బాలో వేసేవాడు. ద్రావకం ఒలికిన చోట చెక్క నీలంగా మారింది. మందు కొలిచే పాత్ర లోపలంతా బూడిదరంగు పొడి పట్టి ఉంది. ఆమె పొడిగుడ్డ తీసుకోబోయింది.

"గుడ్డతో తుడవకు," అన్నాడాయన. "ప్లాస్టిక్ కదా, రుద్దితే పలుకులు అతుక్కుంటాయి. సబ్బునీళ్ళతో కడిగి, అలాగే ఆరనివ్వాలి."

ఆమె అలాగే కడిగింది. ఆయన చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అడిగాడు: "ఆ రోజు ఇంకెవరికన్నా తగిలిందా?"

"లేదు అంకుల్."

"పక్క చాప మీద ఎవరో ఉండాలి."

"ఎవ్వరికీ తగలలే."

"నీకు?"

"నాకేం కాలే అంకుల్. నేను దూరంగున్న."

ఆయన తల ఊపాడు. బయట ఎవరిదో గడ్డి కోసే యంత్రం ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆమె గుల్లలన్నీ ఒక బకెట్లో వేసి మూత బిగిస్తుండగా మళ్ళీ అడిగాడు.

"ఆ రోజు ఇంకెవరికన్నా తగిలిందా అమ్మా?"

"లేదు అంకుల్. ఎవ్వరికీ తగలలే," అంది ఆమె, మొదటిసారి చెప్పినట్టే. ఆ పని అయ్యేలోపు ఆయన ఆ మాట ఏడుసార్లు అడిగాడు. ఏడుసార్లూ ఆమె చేతిలో పని ఆపి, ఆయన వైపు తిరిగి చెప్పింది.

బకెట్లు కారులో పెట్టి వచ్చేసరికి శేషుకుమారి పక్కగేటు దగ్గర నిలబడి ఉంది. అంతసేపూ ఆవిడ ఇంట్లోంచి బయటకు రాలేదు. జుట్టు బాగా నెరిసింది. లోపలికి రమ్మనలేదు.

"ఆ రోజు నువ్వు నా మాట వినకుండా ఉండాల్సింది," అంది. గొంతులో కోపం లేదు.

"అవును ఆంటీ."

"నేను అడగకుండా ఉండాల్సింది. కానీ నేను ఆయన భార్యని. నేను అడుగుతాను. నువ్వు వినకుండా ఉండాల్సింది."

షెడ్డులోంచి ఆయన ఎవరినో పిలిచాడు, పేరు స్పష్టంగా వినిపించలేదు. "వస్తున్నానండీ," అంటూ శేషుకుమారి గేటు మూసి అటు నడిచింది. గేటు గడియ సరిగ్గా పడలేదు. ఉదయలక్ష్మి ఇవతలి నుంచి చెయ్యి పెట్టి దాన్ని పడేట్టు నొక్కి, తన కారు దగ్గరికి వెళ్ళింది.